24 గంటల మనిషి అని ఎవరూ ఉండరు

"మా నాన్నగారికి 24 గంటలూ ఉండే మనిషి కావాలండీ, ఒక్కరు చాలు." ఈ మాట హైదరాబాద్‌లో రోజూ ఎన్ని ఇళ్ళ నుంచి ఏజెన్సీలకు వెళ్తుందో లెక్కలేదు. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. తల్లో తండ్రో మంచాన పడ్డారు, తామేమో డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు, ఎవరో ఒకరు పక్కన ఉంటే అదే పదివేలు అన్న ఆదుర్దాలో అడుగుతారు. ఏజెన్సీ వాళ్ళు "ఉన్నారండీ, రేపు పొద్దున్నే పంపిస్తాం" అంటారు. అలా వెళ్ళే మనుషుల్లో నేనూ ఒకదాన్ని. మాది ఖమ్మం వైపు. పెద్దవాళ్ళను చూసుకునే ఈ పనితోనే నా పిల్లల చదువులు గట్టెక్కాయి, ఈ పనంటే నాకు ఇష్టం, గౌరవం కూడా. కాబట్టే చెప్తున్నాను: ఒక్క మనిషిని 24 గంటల డ్యూటీకి పెట్టుకునే పద్ధతి మానేయాలి. ఇది మా కష్టం సంగతి మాత్రమే అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. దానివల్ల ముందు దెబ్బ తినేది మంచం మీద ఉన్న పెద్దవాళ్ళే.

రాత్రి ఏముంటుంది, ఆవిడ పడుకుంటే నువ్వూ పడుకోవడమేగా అని చాలామంది అడిగారు నన్ను. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన ఒకావిడ దగ్గర రాత్రి ఎలా గడిచేదో చెప్తాను. పదింటికి డైపర్ మార్చి, ఎడమ పక్కకి తిప్పి, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మడత పెట్టిన దుప్పటి. పన్నెండింటికి లేచి వెల్లకిలా. రెండింటికి కుడి పక్కకి, అదీ చచ్చుబడిన భుజం ఒంటి కింద నలిగిపోకుండా ముందుకు లాగి మరీ. నాలుగింటికి మళ్ళీ. తిప్పిన ప్రతిసారీ నడుం కింద, తుంటి మీద, మడమల మీద చర్మం చూసుకోవాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ రంగు రావాలి, తెల్లబడకుండా అలాగే ఉంటే అక్కడ పుండు మొదలైనట్టే. మన ఒంటిరంగు మీద ఎరుపు అంత సులువుగా కనపడదు, అందుకని నేను అరచేయి ఆనించి చూస్తాను, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగిలితే ఆ రాత్రికి ఇక ఆ పక్కకి తిప్పను. ఇదంతా సెల్‌ఫోన్ లైటు వెలుగులో, పక్క గదిలో ఉన్న ఆవిడ భర్తకి మెలకువ రాకుండా.

ఎయిర్ బెడ్, అదే పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు, కొన్నాం కదా అంటారు. ఎయిర్ బెడ్ మంచిదే, కొనండి, కానీ అది ఉంటే పక్క మార్చక్కర్లేదు అనుకోవడం తప్పు. డైపర్ తడి, మధ్యలో వచ్చే దగ్గు, గొంతులో కఫం, నోరు ఎండిపోయి నీళ్ళకోసం చేసే సైగ, ఇవి రెండు గంటల లెక్కకి దొరకవు, వాటి టైముకి అవి వస్తాయి. పదింటి నుంచి ఆరింటి దాకా చూసుకుంటే నాకు దొరికేది గంట, గంటన్నర ముక్కలు. ఆరింటికి మళ్ళీ పళ్ళు తోమడం, ఒళ్ళు తుడవడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి ఎంత వచ్చిందో రాయడం, ట్యూబులో పాలు, మందులు, ఎక్సర్‌సైజులు, బట్టలు. ఆ ఇంట్లో వంటమనిషి రాని రోజు "కాస్త అన్నం కుక్కర్‌లో పెట్టెయ్యవా" అనేవారు, పెట్టేదాన్ని. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే టైముకి ఫిజియోథెరపీ అతను వచ్చేవాడు.

ఒకటి రెండు రాత్రులు ఎవరైనా చేస్తారు. మన ఇళ్ళల్లో ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని రాత్రులు గడపని వాళ్ళెవరు? వారం తిరిగేసరికి సంగతి మారిపోతుంది. అలారం మోగుతుంది, ఆపేస్తాం, ఆపిన సంగతి పొద్దున్న గుర్తుండదు. రెండో వారానికి కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడతాయి. ఇక ఆ మనిషి చేతిలో ఏమేం ఉంటాయో ఆలోచించండి. ఇన్సులిన్ సిరంజి ఉంటుంది. పొద్దున్న డోసు ఇచ్చానా లేదా అన్న అనుమానం వచ్చి రెండోసారి వేస్తే షుగర్ 70 కంటే కిందకి పడిపోతుంది, అప్పటికే మాట సరిగ్గా రాని పెద్దవాళ్ళు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పలేరు, ఒళ్ళంతా చెమట పట్టి మత్తులోకి జారుకుంటారు. అన్నం తినిపించే చెంచా ఉంటుంది. మింగడం కష్టమైనవాళ్ళకి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందకి ఉంచి, ముద్ద మింగారో లేదో చూసుకుని ఇంకోటి పెట్టాలి, తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి, నిద్ర ఆగని మనిషి ఆ అరగంట ఆగలేదు, జారగిలబెట్టేస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా దాకా వెళ్తుంది. నడిచే పేషెంట్ అయితే బాత్రూముకి పట్టుకెళ్ళే చేయి ఉంటుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం మీంచి చటుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి, అంచున కాసేపు కూర్చోబెట్టి, కాళ్ళు ఆడించమని, అప్పుడు లేపాలి. పేషెంటూ మేమూ ఇద్దరం నిద్రమత్తులో ఉంటే ఇది జరగదు. పడిపోయి తుంటి ఎముక విరిగాక ఆ వయసులో మళ్ళీ మామూలుగా నడిచేవాళ్ళు ఎంతమందో ఎముకల డాక్టర్ని అడగండి.

ఆసుపత్రిలో నర్సుకి షిఫ్టు ఉంది. ఐసీయూలో ఆ షిఫ్టు అయిపోగానే ఇంకో నర్సు వచ్చి, ఫైలు చూసి, పేషెంట్ దగ్గర నిలబడి చార్జి తీసుకుంటుంది. అదే పేషెంట్‌ని, అదే ట్యూబుతో, అదే క్యాథటర్ (మూత్రం గొట్టం)తో డిశ్చార్జి చేసి ఇంటికి పంపించిన రోజు నుంచి అన్ని షిఫ్టులూ ఒక్కరే చేస్తారని అందరూ ఎందుకు నమ్మేస్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర ఇంకోలా ఉంటుంది. 60 ఏళ్ళు దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా, దేశం మొత్తం మీద 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన జాతీయ అంచనా ఒకటి చెప్పింది. వీళ్ళల్లో చాలామందికి పగలు బాగానే ఉంటుంది, దీపాలు పెట్టే వేళ నుంచి గాభరా మొదలవుతుంది. నేను ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక పెద్దాయన దగ్గర చేశాను. ఆ కాలనీలో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేసి రిటైరైనవాళ్ళు చాలామంది ఉంటారు, 1967లో ఆ సంస్థను నిలబెట్టిన డాక్టర్ ఏ.ఎస్. రావు గారి పేరే కాలనీకి పెట్టారు. ఈయన కూడా జీవితమంతా ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పనిచేసినాయనే. రాత్రి రెండింటికి లేచి లుంగీ మీదే ప్యాంటు ఎక్కించుకుని, "బస్సు వెళ్ళిపోతుందమ్మా, నా కార్డు ఏదీ" అని వెతికేవారు. కాదు నాన్నగారూ, మీరు రిటైరైపోయారు అని చెప్తే ఒప్పుకోరు, కోపం వస్తుంది, చేయి విసురుతారు. అందుకని పాత కరెంటు బిల్లు ఒకటి చేతికిచ్చి, గేటు దాకా నడిపించి, ఇంకా బస్సు రాలేదు, కూర్చుందాం రండి అని వరండాలో కూర్చోబెట్టేదాన్ని. కాసేపటికి అసలు ప్రశ్న అడిగేవారు. "రిలీవర్ వచ్చాడా?"

మొదట్లో నాకు అర్థం కాలేదు. అమ్మగారిని అడిగితే చెప్పారు, తర్వాత షిఫ్టు మనిషి వచ్చేదాకా ఆయన ఆ మిషన్ దగ్గర నుంచి కదలడానికి లేదట, అలాగే ఆ వచ్చినాయన చార్జి తీసుకున్నాక ఈయన్ని ఒక్క నిమిషం ఎక్కువ ఉంచడానికీ లేదట. అప్పటి నుంచి "వచ్చాడు నాన్నగారూ, చార్జి ఇచ్చేశాం" అంటే "సరే, నువ్వూ వెళ్ళమ్మా, డ్యూటీ అయిపోయింది" అని పడుకునేవారు. గంటకి మళ్ళీ లేచేవారు. నేను మాత్రం ఎక్కడికి వెళ్తాను, అదే గదిలో చాప మీద ఉండేదాన్ని. ఊరూ పేరూ మర్చిపోయిన మనిషికి కూడా డ్యూటీలో ఉన్నవాడిని ఇంకొకడు వచ్చి విడిపించాలి అన్నది గుర్తుంది. ఆయన ఫ్యాక్టరీలో అది ఒక మిషన్ కోసం పెట్టుకున్న నియమం. మంచం మీద ఉన్నది ఆయన అయినప్పుడు ఆ నియమం ఎందుకు పోయింది?

ఇంకో ఇంట్లో కెమెరా పెట్టారు. పెట్టుకోవడంలో నాకేం అభ్యంతరం లేదు, తల్లిని పరాయి మనిషి చేతిలో పెట్టి దేశం అవతల ఉన్న కొడుక్కి ఆ మాత్రం భయం ఉంటుంది. కానీ మనకి తెల్లవారుజామున మూడైతే అక్కడ డాలస్‌లో సాయంత్రం నాలుగున్నర. ఆయన ఆఫీసులో కాస్త తీరిక దొరికి ఫోన్‌లో చూసేసరికి నేను గోడకి ఆనుకుని నిద్రపోతూ కనిపించాను. ఏజెన్సీకి ఫోన్ వెళ్ళింది, ఏజెన్సీ నుంచి నాకు వచ్చింది, "నైట్ పడుకుంటున్నావంట, కంప్లైంట్ వచ్చింది" అని. ఆ రోజు పొద్దున్న ఆరింటి నుంచి నేను చేసిందంతా కూడా అదే కెమెరాలో ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆ టైములో చాలా భాగం అక్కడ వాళ్ళు పడుకుని ఉంటారు. అందరికీ నిద్ర ఒక హక్కులా ఉండి, మాకు వచ్చేసరికి అది పనిదొంగతనంలా లెక్కకి రావడమే నాకు బాధ. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. 24 గంటల మనిషి అని ఆయనకి అమ్మిన ఏజెన్సీ మీద ఉంది.

మరి మీరెందుకు ఒప్పుకుంటున్నారు, పన్నెండు గంటల డ్యూటీకే వెళ్ళొచ్చుగా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దీనికి దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. మాలో చాలామందికి 24 గంటల డ్యూటీయే కావాలి. ఎందుకంటే హైదరాబాద్‌లో మాకు ఇల్లు లేదు. శ్రీకాకుళం నుంచి, భద్రాచలం అవతల ఊళ్ళ నుంచి, ఒడిశా నుంచి వస్తారు అమ్మాయిలు. పన్నెండు గంటల డ్యూటీ అంటే మిగతా పన్నెండు గంటలు ఎక్కడ ఉండాలి? అమీర్‌పేటలోనో యూసుఫ్‌గూడలోనో హాస్టల్ బెడ్డుకి, తిండికి, బస్సుకి పోను చేతిలో ఏం మిగులుతుంది? అదే 24 గంటల డ్యూటీ అయితే తిండి, నీడ అక్కడే, జీతం మొత్తం ఇంటికి పంపొచ్చు. నాకు తెలిసిన ఇళ్ళల్లో ఒక మనిషికి ఏజెన్సీకి నెలకి 28 వేలు, 30 వేలు కడుతున్నారు, మనిషి చేతికి వచ్చేది 18, బాగా అనుభవం ఉంటే 20. మిగతాది ఏజెన్సీది, దానికి వాళ్ళు చేసేది ఒక ఫోను, ఒక ఆధార్ జిరాక్సు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, నెల మధ్యలో పేషెంట్ పోతే ఆ రోజుతో జీతం ఆగిపోతుంది, కళ్ళు తుడుచుకుంటూనే బ్యాగు సర్దుకోవాలి.

అంటే మా అవసరమూ మీ అవసరమూ కలిసి ఈ పద్ధతిని నిలబెట్టాయి. ఇద్దరూ ఒప్పుకున్నారు కదా అంటే సరిపోదు. మూడో మనిషి ఉన్నారు, ఒప్పుకున్నారా అని ఎవరూ అడగని మనిషి, మంచం మీద. ఉండటానికి చోటు కావాలి అనేది ఒక సమస్య, 24 గంటలూ మేలుకుని ఉండాలి అనేది ఇంకో సమస్య. ఈ రెంటినీ ముడిపెట్టి ఒకే జీతంలో తేల్చేశారు. మీ ఇంట్లోనే ఉంటాను, మీ ఇంట్లోనే తింటాను, కానీ రాత్రి పదింటి నుంచి ఆరింటి దాకా నా డ్యూటీ కాదు అంటే ఆ రెండూ విడిపోతాయి.

"నిన్ను మా ఇంట్లో మనిషిలా చూసుకుంటాం" అని చెప్పే కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళల్లో చాలామంది నిజంగానే అలా చూసుకున్నారు. నాకు జ్వరం వస్తే పెద్దావిడ తన పక్కలో పడుకోమన్న ఇల్లు ఉంది. పండక్కి చీర పెట్టి, నా కూతురి ఫీజుకి ముందే డబ్బు సర్దినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని నేను మర్చిపోను. అయినా సరే, సొంత కూతురైనా, కోడలైనా, రాత్రింబవళ్ళు ఒక్కతే చేస్తే మూడు నెలలకి మంచం పడుతుంది. మన ఇళ్ళల్లో అత్తగారిని ఏళ్ళ తరబడి ఒంటరిగా మోసిన కోడళ్ళు ఎంతమంది నడుము నొప్పులతో, నిద్రపట్టని జబ్బులతో మిగిలిపోయారో ఒకసారి మీ బంధువుల్లోనే చూడండి. వాళ్ళని మహా ఓర్పు గల మనిషి అని పొగిడాం కానీ ఒక్క రాత్రి మేం చూసుకుంటాం నువ్వు పడుకో అన్నవాళ్ళు తక్కువ. ఆ కోడలు చేసిన పనికే ఇప్పుడు జీతం ఇచ్చి నన్ను పెట్టుకున్నారు, ఆమె నుంచి ఆశించిందే నా నుంచీ ఆశిస్తున్నారు. ఆమెకి జరిగిందే అన్యాయం.

చట్టం ఏం చెప్తుంది అని అడిగితే, దాదాపు ఏమీ చెప్పదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మనిషి చేత రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు మించి మామూలు పని చేయించకూడదని, వారానికి ఒక సెలవు ఉండాలని పెట్టింది. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కాబట్టి అది మాకు తగల్లేదు. తల్లిదండ్రుల పోషణ గురించి 2007లో వచ్చిన చట్టం పిల్లల బాధ్యత చెప్పింది, నెలకి 10 వేల దాకా భరణం ఇప్పించొచ్చని చెప్పింది, ఆ పెద్దవాళ్ళ దగ్గర ఎవరు పనిచేస్తారు, ఎన్ని గంటలు చేస్తారు అన్నది అందులో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో మాత్రం ఇంటికి వచ్చి సేవ చేసే సంస్థలకి రిజిస్ట్రేషన్ ఉండాలన్న ముచ్చట ఉంది. అది చట్టం కాలేదు. ఇంటిపనివాళ్ళకి మిగతా కార్మికులతో సమానంగా పని గంటలు, వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది, మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది, ఇంతవరకు ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ళ కోసం చట్టం సంగతి చూడడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. మంచిదే, కానీ ఆ చట్టం వచ్చేలోపు ఎన్ని రాత్రులు గడవాలి?

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇజ్రాయెల్‌కి ఇదే పనికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడా పేషెంట్ ఇంట్లోనే ఉండి చేస్తారు, అదీ తేలిక పనేం కాదు. కానీ వారానికి ఒక రోజు సెలవు వాళ్ళ హక్కు. ఆ రోజు పెద్దాయన్ని ఎవరు చూసుకుంటారో కుటుంబం చూసుకోవాలి. అదే జిల్లాల మనుషులు, అదే పని, ఇక్కడ చేస్తే నెలకి రెండు రోజులు ఇంటికి వెళ్ళొస్తాను అని అడగడానికి కూడా టెన్షన్ పడాల్సి వస్తోంది.

ఇక డబ్బు సంగతి. ఇద్దర్ని పెట్టుకోవాలంటే ఖర్చు రెట్టింపు, ఎక్కడి నుంచి తెస్తాం అంటారు. అందరికీ పూర్తిగా ఇద్దరు అక్కర్లేదు. పగటి మనిషి మీ ఇంట్లోనే ఉంటే, వారానికి రెండు రాత్రులకి విడిగా ఒకరు వచ్చినా చాలా మారిపోతుంది. రాత్రికి 800 చొప్పున నెలకి ఎనిమిది రాత్రులు అంటే 6,400. ఇంకో రెండు రాత్రులు కుటుంబం వాళ్ళు తీసుకోవచ్చు, ఊళ్ళో ఉన్న కొడుకో మేనల్లుడో శనివారం వచ్చి పడుకోవచ్చు. మిగతా మూడు రాత్రుల పని మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నిద్రతో పూడ్చుకోవచ్చు, ఆ మూడు గంటలు నా గది తలుపు ఎవరూ కొట్టకపోతే. గది అన్నాను కదా, గది లేకపోతే కనీసం ఒక మంచం, పేషెంట్ కనపడని చోట. పేషెంట్ మంచం పక్కన చాప మీద పడుకున్న మనిషి నిద్రలో కూడా వింటూనే ఉంటుంది.

రాత్రి పని తగ్గించే మార్గాలూ ఉన్నాయి, వీటికి పైసా ఖర్చు లేదు. గుండె జబ్బు, కాళ్ళ వాపు ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మాత్ర ఇస్తారు, దాని ప్రభావం ఆరు గంటలు ఉంటుంది. రెండో మాత్ర రాత్రి భోజనం తర్వాత వేస్తే అర్ధరాత్రి దాటేదాకా బాత్రూము చుట్టూ తిరగడమే. మధ్యాహ్నం రెండు మూడింటికి మార్చొచ్చా అని డాక్టర్ని అడగండి, చాలాసార్లు సరేనంటారు. మీ అంతట మీరు మార్చకండి. పరుపు మంచిది, చర్మం బాగుంది అనుకుంటే రాత్రిపూట పక్క మార్చే టైము మూడు గంటలకో నాలుగు గంటలకో పెంచొచ్చా అనీ డాక్టర్నే అడగొచ్చు. మతిమరుపు ఉన్నవాళ్ళని పగలు టీవీ ముందు కునికిపాట్లు పడనివ్వకుండా పొద్దున్న ఎండలో కాసేపు నడిపిస్తే, సాయంత్రం చీకటి పడకముందే గదిలో లైట్లన్నీ వేసేస్తే, నాలుగు దాటాక కాఫీ ఇవ్వకపోతే రాత్రి ఒక నిద్ర ఎక్కువ పడుతుంది. ఇవి నేను కనిపెట్టినవేం కాదు, మంచి నర్సులు నేర్పినవే.

చేతులు మారేటప్పుడు ఒక నోట్‌బుక్ ఉండాలి. ఎన్నింటికి ఏ పక్కకి తిప్పాం, షుగర్ ఎంత, ఇన్సులిన్ వేశామా, యూరిన్ ఎంత వచ్చింది, విరేచనం అయిందా, ఎక్కడైనా ఎరుపు ఉందా. నాతో పనిచేసిన ఒడియా అమ్మాయికి తెలుగు రాయడం రాదు, తనకి గడులు గీసి బొమ్మలు వేసిచ్చాను, ఎడమకి ఒక బాణం, కుడికి ఒక బాణం, బాగా నింపేది. రాత్రి ఆమె, పగలు నేను చూసుకున్న ఆ మామ్మగారి నడుం కింద ఉన్న పుండు, అంతకుముందు మూడు నెలలుగా మానని పుండు, మానింది. ప్రత్యేకమైన మందేం వాడలేదు. అదే డ్రెస్సింగ్, అదే పరుపు. తిప్పాల్సిన టైముకి తిప్పే మనిషి మేలుకుని ఉంది, అంతే తేడా.

6,400 కూడా పెట్టలేని ఇళ్ళు ఉన్నాయి, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా ఇల్లూ అలాంటిదే. వాళ్ళకి ప్రభుత్వం తప్ప దారి లేదు. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010–11లో మొదలైన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రికి 10 పడకల వార్డు అని ఉంది. ఆ పడకల్లో రెండు, జబ్బు ఎక్కువైనవాళ్ళ కోసం కాకుండా, ఇంట్లో చూసుకునే మనిషి వారం రోజులు నిద్రపోవడం కోసం ఎందుకు ఇవ్వకూడదు? ఊళ్ళో ఒక్కతే తల్లిని చూసుకుంటున్న కూతురికి నెలకి నాలుగు రాత్రులు ట్రైనింగ్ అయిన మనిషిని పంపిస్తే ఎంతవుతుంది? పెద్దవాళ్ళ కోసం 14567 అని హెల్ప్‌లైన్ ఉంది, పింఛను, చట్టం, వేధింపుల సంగతులు చెప్తారు, వాడుకోండి. కానీ రాత్రి పూట వచ్చి కూర్చునే మనిషి ఫోన్‌లో రాదు. ఎన్నికల్లో పింఛను ఎంత పెంచుతాం అని పోటీ పడే పార్టీల్లో ఏదైనా ఈ మాట ఎత్తితే నా ఓటు దానికే.

డబ్బు పెట్టగలిగినవాళ్ళకి మాత్రం ఇప్పుడే అడుగుతున్నాను. ఏజెన్సీకి ఫోన్ చేసినప్పుడు మనిషి ఎంత అనే ముందు, ఆమెకి వారానికి ఎన్ని రాత్రులు నిద్ర, ఆ రాత్రులకి ఎవర్ని పంపిస్తారు, దానికి విడిగా ఎంత, సెలవు రోజు ఎవరొస్తారు అని అడగండి. మీరిచ్చే 30 వేలల్లో ఆమెకి ఎంత వెళ్తుందో కాగితం మీద రాసివ్వమనండి. "అలాంటి పద్ధతి మా దగ్గర లేదండీ, మా అమ్మాయిలు 24 గంటలూ చేస్తారు" అంటారు, నాకు తెలుసు. ఫోన్ పెట్టేసి ఇంకో ఏజెన్సీకి చేయండి, అక్కడా ఇదే అడగండి.